డెనిస్ రిచీ: ఏ ఫోల్డర్‌కు ఎవరి అనుమతి?

మీ ఫోన్‌లోని గేమ్ యాప్, బ్యాంకు యాప్ దాచుకున్న ఫైళ్లను చదవలేదు. ఆండ్రాయిడ్ ప్రతి యాప్‌నూ ఒక్కో వేరే యూజర్‌గా లెక్కేసి, ఎవరి ఫోల్డర్ వారికే ఇస్తుంది. ఈ పద్ధతికి మూలం యూనిక్స్. కెన్ థాంప్సన్‌తో కలిసి దాన్ని తయారుచేసిన డెనిస్ రిచీ గారిని ఈ నెల పరిచయం చేస్తున్నాం.

ఆయన 1941 సెప్టెంబరు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో పుట్టారు. తండ్రి బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చదివి, అక్కడే పీహెచ్‌డీ థీసిస్ రాశారు. కానీ బైండు చేసిన కాపీని లైబ్రరీకి ఇవ్వలేదు, డాక్టరేట్ రాలేదు. (ఈ సంగతి పిల్లలకు చెప్పాలో వద్దో మీ ఇష్టం!)

1967లో తానూ బెల్ ల్యాబ్స్‌లో చేరారు. 1969లో యూనిక్స్ పని మొదలైంది. అప్పట్లో ఒకే కంప్యూటర్‌ను చాలామంది వాడేవారు కాబట్టి ఎవరు ఏది ముట్టుకోవచ్చో తేల్చాలి. యూనిక్స్‌లో ప్రతి ఫోల్డర్‌కూ మూడు అనుమతులుంటాయి: లోపలి పేర్లు చూడటం, ఫైళ్లు చేర్చడం లేదా తీసేయడం, లోపలికి వెళ్లడం. చాలామంది పొరబడేది ఇక్కడే. ఒక ఫైల్‌ను ఎవరు తీసేయగలరన్నది ఆ ఫైల్ మీద కాదు, అది ఉన్న ఫోల్డర్ అనుమతి మీద ఆధారపడుతుంది.

రిచీ గారి సొంత ఆలోచన ఇంకొకటుంది. పాస్‌వర్డ్‌ల ఫైల్‌ను మామూలు యూజర్ దిద్దకూడదు, కానీ తన పాస్‌వర్డ్ తాను మార్చుకోగలగాలి. అందుకని కొన్ని ప్రోగ్రాములు నడిపినవారి అధికారంతో కాక, తమ యజమాని అధికారంతో పనిచేసేలా చేశారు. దీని పేరు సెట్‌యూఐడీ. 1973లో దరఖాస్తు చేస్తే 1979లో పేటెంట్ వచ్చింది. తర్వాత దాన్ని అందరికీ ఉచితంగా వదిలేశారు.

అదే 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లో క్రాన్ ఉంది. చెప్పిన టైముకు చెప్పిన పని దానంతటదే చేసిపెడుతుంది. రాత్రి రెండింటికి బ్యాకప్ తీయమంటే తీస్తుంది, పక్కన మనిషి అక్కర్లేదు. చిక్కల్లా అక్కడే. ఆ పని అడ్మిన్ అధికారంతో నడుస్తూ, దాని స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్‌లో అందరికీ రాసే అనుమతి ఉంటే, ఎవరైనా పగలు ఆ స్క్రిప్ట్ తీసేసి అదే పేరుతో తమది పెట్టొచ్చు. రాత్రి రెండింటికి క్రాన్ అడ్మిన్ అధికారంతో దాన్నే నడుపుతుంది. ఇంట్లో పిల్లలు లైనక్స్ నేర్చుకుంటుంటే ముందు ఈ ఒక్క విషయం అడిగి చూడండి.

సీ లాంగ్వేజ్ కూడా రిచీ గారిదే. 1973లో యూనిక్స్‌ను అందులోనే తిరిగి రాశారు. 1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు, 2007లో రిటైర్ అయ్యారు. ఒంటరిగా ఉండే ఆయన 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని తన ఇంట్లో చనిపోయి కనిపించారు. అంతకు వారం ముందే స్టీవ్ జాబ్స్ పోవడంతో పేపర్ల నిండా ఆ వార్తలే. జాబ్స్ గారి ఐఫోన్ లోపల నడిచే సిస్టమ్ కూడా యూనిక్స్ వంశానిదే.