కృష్ణచంద్ర గజపతి మహారాజు – పర్లాకిమిడి చిన్నబండి

మన శ్రీకాకుళము జిల్లాలోని నౌపడ నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి పోవు రైలుదారి యొక రాజకుటుంబము వేయించినది. మద్రాసు కలకత్తాలను గలుపు పెద్ద రైలు పర్లాకిమిడికి 25 మైళ్ల దూరమున నిలిచిపోయెను. ఆ కొఱత దీర్పనెంచి గౌరచంద్ర గజపతివారు 7 లక్షల రూపాయల వ్యయముతో రెండున్నర అడుగుల వెడల్పుగల దారిని వేయించిరి. 1900 ఏప్రిల్ 1వ తేదీన బండి నడిచెను. కాని తొలి యేండ్లలో నష్టమే వచ్చెను.

వారి కుమారులు కృష్ణచంద్ర గజపతివారు 1892లో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని గోల్పోయి, 1913లో జమీందారీ భారము వహించిరి. 1924-25 తరువాత రైలునకు లాభము హెచ్చగా, వారు దారిని 1931 నాటికి గుణుపురము వఱకు పొడిగించిరి.

ఉత్కళులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనని వారు లండను రౌండు టేబిలు సమావేశమున వాదించిరి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా యేర్పడెను. మఱుసటి యేట వారే దానికి మొదటి ప్రధానమంత్రియైరి. అప్పుడు పాతపట్నము మద్రాసు రాష్ట్రమున నిలువగా, పర్లాకిమిడి ఒరిస్సాలో జేరెను. సరిహద్దును గోరినవారే దానిని దాటిపోవు దారిని పెంచినవారు. అందుచేత రాష్ట్రములు వేఱైనను ఇరుప్రక్కల జనుల రాకపోకలు ఆగలేదు.

మహారాజుగారు 1974లో పరమపదించిరి. చిన్నబండి 2004లో నిలిచిపోయెను. 2011 నాటికి పెద్దపట్టాల బండి గుణుపురము చేరెను. విద్యార్థులారా! తండ్రి నాటిన చెట్టు తొలుత కాయకున్నను, దానిని నఱకక నీరు పోసిన కుమారుని ఓర్పు మనకు స్మరణీయము.