రూపాయి నాణెం మీద జ్ఞానేశ్వరుడు

1999లో భారత ప్రభుత్వం మరాఠీ భక్తకవి జ్ఞానేశ్వరుడి స్మారకంగా ఒక నాణెం విడుదల చేసింది. అది పెట్టెలో దాచుకొనే వెండి నాణెం కాదు. కూరగాయల అంగడిలో, బస్సులో చేతులు మారే ఒక రూపాయి ఉక్కు నాణెం. ఆ కవికి అదే తగినది.

జ్ఞానేశ్వరుడు 1275లో గోదావరి తీరాన ఆపేగావ్‌లో జన్మించాడని చెబుతారు. తండ్రి విఠలపంతు భార్యను విడిచి కాశీకి పోయి సన్న్యసించాడు. అతడు గృహస్థుడని తెలిసి గురువు ఇంటికి తిప్పి పంపాడు. ఆ తరువాత పుట్టినవారు నివృత్తి, జ్ఞానేశ్వరుడు, సోపానుడు, ముక్తాబాయి. సన్న్యాసి బిడ్డలంటూ ఆళంది పండితులు వారిని వెలివేశారు. మగపిల్లలకు ఉపనయనం కూడా నిరాకరించారు. తల్లిదండ్రులు ప్రాయశ్చిత్తంగా ప్రాణాలు విడిచారు. అయినా వెలి తొలగలేదు.

పిల్లలు శుద్ధిపత్రం కోసం పైఠణ్‌కు వెళ్ళారు. శాతవాహనుల రాజధాని ప్రతిష్ఠానపురం ఇదే. అక్కడ జ్ఞానేశ్వరుడు దున్నపోతు చేత వేదం పలికించాడని కథ. ఆ కథ మాట ఎలా ఉన్నా, తరువాత నేవాసేలో అతడు చేసిన పని అంతకంటె గొప్పది.

అక్కడ అన్న నివృత్తినే గురువుగా భావించి, భగవద్గీతకు మరాఠీలో పద్యవ్యాఖ్యానం చెప్పాడు. అతడు రాతిస్తంభానికి ఆనుకొని చెబుతూ ఉంటే సచ్చిదానందబాబా వ్రాసుకొన్నాడట. 1290లో అది పూర్తి అయ్యేనాటికి కవి వయస్సు పదిహేనేళ్ళు! సుమారు 9,000 ఓవీలున్న ఆ గ్రంథమే జ్ఞానేశ్వరి. ఓవీ అంటే పల్లె స్త్రీలు తిరగలి విసురుతూ పాడుకొనే పాటల ఛందస్సు. సంస్కృతం రానివారికి, వేదం వినే అర్హత లేదని పండితులు త్రోసివేసినవారికి గీతార్థం ఆ విధంగా అందింది.

అటుపై అమృతానుభవం రచించాడు. దర్జీ కులానికి చెందిన భక్తుడు నామదేవుడితో కలిసి తీర్థయాత్రలు చేశాడు. తెనాలి రామకృష్ణకవి కీర్తించిన పాండురంగడే వీరి దైవం. 1296లో, ఇరవై ఒకటవ ఏట, జ్ఞానేశ్వరుడు ఆళందిలో ఇంద్రాయణి ఒడ్డున సజీవసమాధి పొందాడు.

1584లో ఏకనాథుడు జ్ఞానేశ్వరి ప్రతులను సరిచూసి శుద్ధప్రతి సిద్ధం చేశాడు. ఆయనది పైఠణే.

ఏటా ఆషాఢమాసపు యాత్రకు జ్ఞానేశ్వరుడి పాదుకలు పల్లకిలో పండరిపురానికి బయలుదేరుతాయి. వెంట లక్షలాది మంది నడుస్తారు. ఆ పల్లకి కదిలేది ఆళంది నుండే.