వులిమిరి రామలింగస్వామి

వులిమిరి రామలింగస్వామి (ఆగష్టు 8, 1921 - మే 28, 2001) ప్రముఖ వైద్య పరిశోధకుడు, పాథాలజీ నిపుణుడు. హిమాలయ ప్రాంతాలలో ప్రబలిన గళగండ వ్యాధికి అయొడిన్ లోపమే కారణమని నిరూపించి, అయొడిన్ కలిపిన ఉప్పుతో దానిని నివారించవచ్చునని ఈయన చూపారు. నేడు మన ఇళ్ళలో వాడే అయొడిన్ ఉప్పు వెనుక ఈయన పరిశోధన ఉంది.

బాల్యం, విద్యాభ్యాసం

ఈయన శ్రీకాకుళంలో జన్మించారు. విశాఖపట్నంలోని ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి 1944లో ఎం.బి.బి.ఎస్., 1946లో ఎం.డి. పట్టాలు పొందారు. 1951లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుండి డి.ఫిల్. అందుకున్నారు. కూనూరులోని పోషకాహార పరిశోధనాలయంలో పరిశోధన ప్రారంభించారు. ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకుంది. దానిని స్థాపించిన రాబర్ట్ మెక్‌కారిసన్ కూడా అంతకు ముందు గిల్గిట్ లోయలో గళగండంపై పరిశోధించినవాడే. కలుషిత జలం వలన ఈ వ్యాధి వస్తుందని ఆయన భావించాడు.

గళగండ పరిశోధన

మెడ ముందు భాగంలో ఉండే అవటు గ్రంథి, అనగా థైరాయిడ్, తన హార్మోనును తయారు చేసుకోవడానికి అయొడిన్ అవసరం. పెద్దవారికి రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. ఆ స్వల్ప మోతాదు కూడా అందనప్పుడు పీయూష గ్రంథి ప్రేరణతో అవటు గ్రంథి ఉబ్బిపోతుంది. అదే గళగండం. వానలు, మంచు నేలలోని అయొడిన్‌ను కడిగివేయడం వలన పర్వత ప్రాంతాల పంటలలోను, నీటిలోను అది తక్కువగా ఉంటుంది. గర్భిణికి అయొడిన్ చాలకపోతే పుట్టే బిడ్డ మెదడు సరిగా ఎదగదు. ఎముకల పెరుగుదల కుంటుపడి మరుగుజ్జుతనం, చెవుడు, బుద్ధిమాంద్యం కలుగవచ్చు. మెడ వాపు కంటికి కనిపించే లక్షణం మాత్రమే. అసలు నష్టం ఇది.

రామలింగస్వామి బృందం కాంగ్రా లోయను ఎంచుకుంది. అది అప్పుడు పంజాబులో ఉండేది, నేడు హిమాచల్ ప్రదేశ్‌లో ఉంది. రేడియోధార్మిక అయొడిన్‌తో చేసిన పరీక్షలలో, అక్కడి రోగుల అవటు గ్రంథులు అందిన అయొడిన్‌ను ఆత్రంగా పీల్చుకుంటున్నట్లు తేలింది. ఈ ఫలితాలు 1961లో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.

అంతకు ముందే, 1956లో, ఉప్పు ప్రయోగం మొదలైంది. లక్షకు చేరువగా ఉన్న జనాభాను మూడు ప్రాంతాలుగా విభజించారు. ఒక ప్రాంతానికి పొటాషియం అయొడైడ్, మరొక ప్రాంతానికి పొటాషియం అయొడేట్ కలిపిన ఉప్పు సరఫరా చేశారు. మూడవ ప్రాంతానికి మామూలు ఉప్పునే పంపారు. 1962 నాటికి అయొడిన్ అందిన రెండు ప్రాంతాలలో గళగండం బాగా తగ్గింది, మూడవ దానిలో తగ్గలేదు. ఆ వెంటనే అక్కడ కూడా అయొడిన్ ఉప్పు ఇవ్వగా వ్యాధి తగ్గుముఖం పట్టింది. ఆ ప్రాంతపు ప్రజలను అన్నేళ్ళు అయొడిన్ లేకుండా ఉంచడం నేటి నైతిక నియమాల ప్రకారం ప్రశ్నించదగినదే. అయితే ఆ పోలిక లేకుంటే ఇంత బలమైన సాక్ష్యం లభించేది కాదు. తేమ తగిలిన ముతక ఉప్పులో అయొడైడ్ కంటే అయొడేట్ ఎక్కువ కాలం నిలుస్తుంది కనుక, మన దేశంలో అయొడేట్‌నే వాడుతున్నారు.

1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం ఆరంభించింది. కాని అది హిమాలయ పాదప్రాంతాలకే పరిమితమై చాలాకాలం మందకొడిగా సాగింది. వ్యాధి మైదానాలలోనూ ఉందని, ఉత్తర ప్రదేశ్ తెరాయి ప్రాంతంలో నవజాత శిశువులలో అవటు గ్రంథి లోపం అధికంగా ఉందని ఎన్. కొచ్చుపిళ్ళై తదితరులతో కలిసి ఈయన వెల్లడించిన తరువాతే ప్రభుత్వం మేల్కొంది. దేశమంతటికీ అయొడిన్ ఉప్పు అందించే పథకం 1986లో దశలవారీగా మొదలైంది. కాంగ్రా ప్రయోగ ఫలితం తేలిన 24 ఏళ్ళకు!

పదవులు, ఇతర పరిశోధనలు

1957లో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో పాథాలజీ ఆచార్యుడిగా చేరి, 1969 నుండి 1979 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. 1979 నుండి 1986 వరకు భారతీయ వైద్య పరిశోధనా మండలి డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. ప్రొటీన్ లోపం, రక్తహీనత, పసిపిల్లల కాలేయ వ్యాధులపై కూడా పరిశోధించారు. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు నిజానిజాలు తేల్చేందుకు నియమించిన నిపుణుల సంఘానికి అధ్యక్షత వహించారు. దక్షిణాసియా పిల్లలలో పోషకాహార లోపం ఆఫ్రికా కంటే ఎందుకు ఎక్కువగా ఉందో విశ్లేషిస్తూ, స్త్రీల హీనస్థితే ప్రధాన కారణమని 1996లో యూనిసెఫ్ కోసం మరి ఇద్దరితో కలిసి రాసిన వ్యాసం పేరు పొందింది.

1965లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమతి, 1969లో పద్మశ్రీ, 1971లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. 1986లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు.

మరణం

రామలింగస్వామి 2001 మే 28న న్యూఢిల్లీలో మరణించారు. అప్పటికి కొద్ది నెలల క్రితమే, 2000లో, అయొడిన్ లేని ఉప్పు అమ్మకంపై ఉన్న నిషేధాన్ని కేంద్ర ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ నిషేధం 2006 మే నెలలో తిరిగి అమలులోకి వచ్చింది.