తండ్రి కోరిన కొలువు

భారతదేశానికి విజ్ఞానశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతిని సంపాదించిపెట్టిన చంద్రశేఖర వేంకట రామన్ జన్మస్థలం తిరుచిరాపల్లి. ఆయన విద్యకు పునాది పడింది మాత్రం మన విశాఖపట్నంలో. 1888 నవంబరు 7న రామన్ జన్మించేనాటికి తండ్రి చంద్రశేఖరయ్యర్ ఒక పాఠశాలలో ఉపాధ్యాయుడు. నెలజీతం పది రూపాయలు. తల్లి పార్వతీ అమ్మాళ్. క్రమంగా ఎనిమిదిమంది సంతానంతో పెరిగిన ఆ ఇంటిలో రామన్ రెండవవారు.

1892లో విశాఖపట్నంలోని మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాలలో గణిత, భౌతికశాస్త్రాల అధ్యాపకపదవి లభించగా చంద్రశేఖరయ్యర్ భార్యాబిడ్డలతో తరలివచ్చారు. కావేరీతీరాన్ని, బంధువర్గాన్ని, మాతృభాష వినిపించే వీధులను విడిచి అంతదూరం రావడం ఆ కాలంలో తేలికైన నిర్ణయం కాదు. నాటి విశాఖ నేటి మహానగరమూ కాదు. ఓడరేవు 1933లో గాని ప్రారంభం కాలేదు. ఉక్కు కర్మాగారం ఇంకా తరువాతి మాట. ఓడలు దూరంగా లంగరు వేసి నిలిస్తే మనుషులూ సరుకులూ పడవలమీద ఒడ్డు చేరవలసిందే. అయినా శాస్త్రాభిరుచిలో ఆ ఊరు వెనుకబడినది కాదు. గోడే వేంకట జగ్గారావు 1840 ప్రాంతంలోనే అక్కడ స్వంత ఖర్చుతో నక్షత్రశాలను నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వేంకట నరసింగరావు దానిని శ్రద్ధగా నడిపారు. కళాశాల పేరుకు ముందు 'మిసెస్' అన్న మాట వింతగా తోచవచ్చు. అది ఆ నరసింగరావు సతీమణిని స్మరించే పేరు.

చంద్రశేఖరయ్యర్ ఇల్లు సంపన్నగృహం కాదు గాని పుస్తకాలకు లోటులేని ఇల్లు. ఆయన వయొలిన్ వాయించేవారు. వ్యాయామమన్నా ఆయనకు మక్కువే. కుమారునికి తండ్రి దేహదార్ఢ్యం రాలేదు. గ్రంథాసక్తి, నాదాసక్తి మాత్రం సంక్రమించాయి. తరువాతి కాలంలో రామన్ తంత్రీవాద్యాల ధ్వనిని గురించి ఎంతో పరిశోధన చేశారు. దాని బీజాలు విశాఖలోని ఆ ఇంట పడి ఉంటాయనుకోవడం అసంగతం కాదు. పదకొండవ ఏట మెట్రిక్యులేషన్, పదమూడవ ఏట ఎఫ్.ఏ. ముగించి, రామన్ మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. 1904లో బి.ఏ.లో ప్రథమస్థానాన్ని, భౌతికశాస్త్రంలో స్వర్ణపతకాన్ని పొందారు. ఆచార్య జోన్స్ ఆ విద్యార్థి ప్రతిభను గుర్తించి, తరగతుల నిర్బంధం లేకుండా ప్రయోగశాలలో స్వేచ్ఛగా పనిచేయనిచ్చారు. 1906 నవంబరులో రామన్ తొలి పరిశోధనవ్యాసం లండనులోని ఫిలసాఫికల్ మ్యాగజైన్‌లో వెలువడింది. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

ఇంతటి కుమారుణ్ణి ఏం చేయాలన్నది తండ్రి ముందున్న ప్రశ్న. ఉన్నతవిద్యకూ, ఐ.సి.యస్. పరీక్షకూ సీమకు పోవడమే నాటి రాజమార్గం. కాని ఆ బలహీనశరీరం అక్కడి చలికి తాళలేదని మద్రాసు సివిల్ సర్జను తేల్చిచెప్పారు. ఇక స్వదేశంలో శాస్త్రజ్ఞునికి బ్రతుకుతెరువేది? పరిశోధనే వృత్తిగా జీవించే అవకాశం దాదాపు మృగ్యం. పెద్దకుమారుడు సుబ్రహ్మణ్యం అప్పటికే ప్రభుత్వ ఆర్థికశాఖలో ఉద్యోగి. రెండవవాడూ ఆ మార్గానే నడవడం ఆ ఇంటికి క్షేమంగా కనిపించింది. పెద్ద సంసారాన్ని జీతంమీద ఈదుతున్న గృహస్థు అంతకుమించి ఆశించలేదని ఆయనను తప్పుపట్టడం న్యాయం కాదు. రామన్ తనకు కొత్తవైన చరిత్ర, అర్థశాస్త్రాలను పట్టుదలతో చదివి, 1907లో ఆర్థికశాఖ పోటీపరీక్షలో ప్రథముడుగా నిలిచారు. ఆ ఏడే లోకసుందరితో వివాహమైంది. దంపతులు కలకత్తా చేరారు.

తండ్రి కోరిన కొలువు దొరికింది. కుమారుని మనస్సు ప్రయోగశాలలోనే మిగిలింది. ఒకనాడు ట్రాముబండిలో పోతూ రామన్ బౌబజారు వీధిలో ఒక నామఫలకాన్ని చూశారు. అది మహేంద్రలాల్ సర్కార్ 1876లో స్థాపించిన విజ్ఞానాభివృద్ధి సంఘం. పరికరాలున్నా పనిచేసేవారు కరవైన ఆ భవనం తలుపులు ఆయనకు తెరచుకున్నాయి. వేకువనే అక్కడ పని, పగలంతా కార్యాలయంలో లెక్కల తనిఖీ, సాయంత్రం మళ్ళీ ప్రయోగాలు. రంగూనుకు, నాగపూరుకు బదిలీ అయినా ఆ వ్యాసంగం మానలేదు. 1910లో చంద్రశేఖరయ్యర్ పరమపదించారు.

మరి ఏడేళ్ళకు, 1917లో, ఆశుతోష్ ముఖర్జీ కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్యపీఠాన్ని అలంకరించవలసిందిగా రామన్‌ను కోరారు. ఆ పదవికి విదేశశిక్షణ ఉండాలన్న నిబంధనకు రామన్ అంగీకరించలేదు. విశ్వవిద్యాలయమే దానిని సడలించింది. కొత్త జీతం పాతదానిలో ఇంచుమించు సగం. తండ్రి జీవించి ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం. రామన్ మాత్రం సందేహించలేదు. 1928 ఫిబ్రవరి 28న, శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ తోడ్పాటుతో సాగిన పరిశోధన ఫలించి రామన్ ఎఫెక్ట్ వెలుగుచూసింది. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ ఇంట ఈ కథ మరొకసారి నడవడం విశేషం. సుబ్రహ్మణ్యం తన కుమారుణ్ణి ఐ.సి.యస్. అధికారిగా చూడాలని ఆశించారు. తాతగారి పేరు పెట్టుకున్న ఆ బాలుడు తండ్రి మాటను కాదని నక్షత్రాల భౌతికశాస్త్రాన్ని ఎంచుకున్నాడు. ఆయనే 1983లో నోబెల్ పొందిన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్.

రామన్ 1933లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు అధిపతిగా వెళ్ళారు. 1954లో భారతరత్న బిరుదు అందుకున్నారు. 1970 నవంబరు 21న బెంగుళూరులోనే కన్నుమూశారు. పెద్దయ్యాక ఆయన విశాఖలో కాపురం పెట్టలేదు. అయితే ఆయన వద్ద పరిశోధన చేసిన తెలుగువాడు సూరి భగవంతం 1932లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర అధ్యాపకులుగా చేరారు. నలభై యేళ్ళ క్రితం చంద్రశేఖరయ్యర్ అదే శాస్త్రాన్ని బోధించడానికి వచ్చింది ఆ ఊరికే.