కొలంబియాలో ఒక స్కాలర్‌షిప్ విద్యార్థి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నుంచి యూనివర్సిటీకి వచ్చి పొలిటికల్ సైన్స్, డెవలప్‌మెంట్ స్టడీస్ చదివే మాలాంటి వాళ్లం బాబాసాహెబ్ అంబేద్కర్‌ను రాజ్యాంగ నిర్మాతగా చిన్నప్పటి నుంచే ఎరుగుదుం. స్కాలర్‌షిప్ డబ్బుతో నెట్టుకొచ్చిన విద్యార్థిగా మాత్రం ఆలస్యంగా తెలుసుకున్నాం.

1912లో బొంబాయిలో ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్‌తో బీఏ పూర్తి చేశారు. మరుసటి ఫిబ్రవరిలో తండ్రి రాంజీ చనిపోయారు. ఆ జులైలోనే న్యూయార్క్ చేరారు. బరోడా మహారాజు ఇచ్చింది నెలకు పదకొండున్నర పౌండ్లు, అదీ మూడేళ్లకే. కొలంబియాలో చేరింది పొలిటికల్ సైన్స్ ఫ్యాకల్టీలో. ఎకనామిక్స్‌తో పాటు సోషియాలజీ, చరిత్ర, ఆంత్రోపాలజీ కూడా చదివారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులాల పుట్టుక మీద పేపర్ చదివారు. అప్పటికి ఆయనకు 25 ఏళ్లు. కులం దాటి పెళ్లి జరగకుండా కట్టడి చేయడంలోనే కులం ఉందనీ, సతి, బలవంతపు వైధవ్యం, బాల్యవివాహం ఆ కట్టడి కోసం వచ్చినవేననీ వాదించారు. వందేళ్లు దాటినా పరువు హత్య జరిగిన ప్రతిసారీ ఆ పేపరే గుర్తొస్తుంది.

అక్కడి నుంచి లండన్. స్కాలర్‌షిప్ గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో ఆపి రావాల్సి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా కొలువులో చేరితే ఉండటానికి గది దొరకలేదు. దిగిన పార్సీ సత్రం నుంచి కులం తెలిసి వెళ్లగొట్టారు. కొలంబియా డిగ్రీ అక్కడ అక్కరకు రాలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. 1923లో రూపాయి సమస్య మీద డీఎస్సీ సాధించారు.

మాకు బాగా దగ్గరగా తోచేది 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసం. కమతం చిన్నదవడం కాదు, పెట్టుబడి లేకపోవడం అసలు రోగమన్నారు. భూమి మీద పడ్డ అదనపు జనానికి పరిశ్రమల్లో పని చూపాలన్నారు. కోరుట్ల నుంచి దుబాయ్ పోయేవాళ్లను, సిరిసిల్ల మరమగ్గాల దగ్గర బతుకీడ్చేవాళ్లను చూస్తూ పెరిగాం కాబట్టి ఆ వాదన మాకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

1950లో ఆయన ఔరంగాబాద్‌లో కాలేజీ పెట్టారు. అప్పుడు అదీ, మా జగిత్యాలా ఒకే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1953లో ఉస్మానియా గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

దళిత విద్యార్థులను విదేశాల్లో చదివించాలని ఆయన 1942లోనే వైస్రాయ్‌కి వినతిపత్రం ఇచ్చారు. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నుంచి భారత సంస్కృతి, చరిత్ర, సమాజం మీద చదువులను తీసేసింది. ఆ నిబంధన కింద 1916 నాటి ఆయన పేపర్ అంశంతో దరఖాస్తు పెడితే చెల్లదు.