కత్తి కాంతారావుది, గల్లాపెట్టె వేరేటోళ్లది

2025 జూన్‌ల హైదరాబాద్‌ల గద్దర్ సిన్మా అవార్డులు ఇచ్చిండ్రు. అండ్ల ఒకటి విజయ్ దేవరకొండకు వచ్చింది. ఆయన పుట్టింది హైదరాబాదే గని, వాళ్ల కుటుంబానిది మన పాలమూరు, అచ్చంపేట దిక్కు తుమ్మనపేట. ఆ దినం నా ఫోన్ల ఎవ్వల స్టేటస్ చూసినా ఆయన ఫొటోనే. మనోడికి అవార్డొస్తె సంబురమే. కని ఆ అవార్డు పేరేందో చూసినోళ్లు తక్కువ. దాని పేరు కాంతారావు అవార్డు. మా ఊరి తమ్ముడొకడైతే కాంతార సిన్మా పేరు మీద పెట్టిండ్రా అన్నా అని నన్నే అడిగిండు. మొదలు నవ్వొచ్చింది. తర్వాత మనసుకు కష్టమైంది.

ఎందుకంటే గా తమ్ముడు తెలివితక్కువోడు కాదు. ఫోన్ల చిన్న చిన్న వీడియోలు చేస్తడు, మస్తు నవ్విస్తడు. లక్షమంది దాకా చూస్తున్నరు. ఇప్పుడు తానే హీరోగా సిన్మా తీస్తడట. ఉన్న రెండెకరాలల్ల ఒకటి అమ్ముదామని ఇంట్ల లొల్లి పెట్టిండు. లక్షమంది తలా ఒక్క టికెట్ కొన్నా చాలన్నది వాని లెక్క. గందుకే వానికి చెప్పిన కథ ఇక్కడ మీకూ చెప్తున్న.

కాంతారావు అసలు పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబర్ 16న కోదాడ దగ్గర గుడిబండల పుట్టిండు. అప్పుడది నిజాం రాజ్యంల నల్గొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. చిన్నప్పటి నుంచే నాటకాల పిచ్చి. ఆ రోజులల్ల తెలుగు సిన్మా అంటె మద్రాసే. మనకది వేరే రాజ్యం, వేరే మాట. తెలంగాణ నుంచి పోయి హీరోగా నిలబడ్డోడు అంతకుముందు అక్కడ కనపడేటోడు కాదు. 1951ల, ఇక్కడ నల్గొండ ఊర్లల్ల సాయుధ పోరాటం ఆఖరి దశకొచ్చిన యేడు, ఆయన నిర్దోషి సిన్మాల చిన్న వేషం ఏసిండు. తెలుగు మొదటి టాకీ భక్త ప్రహ్లాద తీసిన హెచ్.ఎం.రెడ్డే ఆయనకు దారి చూపిండు. 1953ల ప్రతిజ్ఞతోటి హీరో అయిండు. అదే సిన్మాతోటి రాజనాల కూడా తెర మీదికి వచ్చిండు. గా ఇద్దరు ఆ తర్వాత ఎన్ని సిన్మాలల్ల కత్తులు దూసుకున్నరో లెక్కలేదు.

మా నాయిన తరంవాళ్లను అడగుండ్రి, కాంతారావు అనరు, కత్తి కాంతారావు అంటరు. మెడల హారాలు, చేతుల కత్తి, ఎదురుంగ రాజనాల. విఠలాచార్య తీసిన జయ విజయ, కనకదుర్గ పూజా మహిమ, గురువును మించిన శిష్యుడు, నవగ్రహ పూజా మహిమ, జ్వాలాద్వీప రహస్యం, ఇవన్నీ 1959 నుంచి 1965 నడుమ వచ్చినయి. అన్నిట్ల రాకుమారుడు ఈయనే. డేరా టాకీసుల ముందు బండ్లు కట్టుకొని వచ్చి నేల మీద కూసోని చూసేటోళ్లు. కరెంటు రాని ఊరికి కూడ కాంతారావు పేరు వచ్చింది.

పెద్ద సిన్మాలల్ల కూడ ఉన్నడు. 1963ల వచ్చిన లవకుశ తెలుగుల మొదటి పూర్తి రంగుల సిన్మా. అండ్ల రాముడు ఎన్టీఆర్ అయితే లక్ష్మణుడు కాంతారావు. అదే యేడు నర్తనశాలల ఎన్టీఆర్ బృహన్నల వేషం కడితే, కృష్ణుడు కాంతారావు. ఎన్టీఆర్ ఉన్న సిన్మాల ఇంకొకడు కృష్ణుడు వేసి మెప్పించుడు అల్కటి పనా? నారదుడిగా అయితే ఎన్నిసార్లు చిడతలు పట్టిండో. మొత్తం 400 పైచిలుకు సిన్మాలు చేసిండు.

ఇగ అసలు సంగతి. గిన్ని సిన్మాలు ఆడినయి కదా, పైసలు ఎవరికి పోయినయి?

టికెట్ మీద వచ్చిన రూపాయిల మొదలు సర్కారు పన్ను పోతది. తర్వాత థియేటరోని వాటా. తర్వాత డిస్ట్రిబ్యూటర్ కమీషన్. అప్పిచ్చినోని మిత్తి. మిగిలితే నిర్మాతకు. నటునికి మాట్లాడుకున్న కూలే. సిన్మా నూరు రోజులు ఆడినా ఆయన సంచిల పడేది గంతే. విఠలాచార్య సిన్మాలు ఎందుకు గిట్టుబాటు అయినయంటె, ఆయన పైస పైస చూసి ఖర్చు పెట్టేటోడు. ఏసిన సెట్టునే మళ్ల వాడేటోడు, గబగబ తీసి పెట్టేటోడు. పెట్టింది తక్కువ, చిన్న ఊర్ల నుంచి చిల్లర చిల్లరగా వచ్చింది ఎక్కువ. హిట్టు అంటె ఈలలు కాదు, పెట్టినదానికి వచ్చినదానికి నడుమ మిగిలినది. చప్పట్లు హీరోకు పడతయి, ఆ మిగులు మాత్రం పెట్టుబడి పెట్టినోనికి పడతది.

కాంతారావు ఈ సంగతి తెల్వనోడు కాదు. గందుకే తానే పెట్టుబడి పెట్టినోడు కావాలనుకున్నడు. భార్య హైమావతి పేరు మీద హైమా ఫిలింస్ అని కంపెనీ పెట్టిండు. సప్తస్వరాలు, గండర గండడు 1969ల, ప్రేమజీవులు 1971ల, గుణవంతుడు 1975ల వచ్చినయి. ఆఖరుకు 1989ల, అరవై ఐదేండ్ల వయసుల, స్వాతి చినుకులు తీసిండు. మొత్తం లెక్క చూస్తె నష్టమే. సంపాదించింది పోయింది. ఊర్ల భూములు కూడ అమ్ముకోవలసి వచ్చింది.

ఎందుకు గట్లయింది? నాకు తోచింది చెప్తున్న. ఆయన కంపెనీ పెట్టేటాళ్లకు కాలం మారింది. జనం కత్తి నుంచి తుపాకీకి పోయిండ్రు. 1971ల కృష్ణ మోసగాళ్లకు మోసగాడు అని కౌబాయ్ సిన్మా రంగులల్ల తీసిండు. గుర్రం గదే, చేతుల ఆయుధం మారింది. సాంఘిక సిన్మాలు పెరిగినయి, ఖర్చులు పెరిగినయి, నలుపు తెలుపు రాకుమారుని మోజు తగ్గింది. రెండో సంగతి, ఎన్టీఆర్, ఏఎన్నార్ తెర మీదనే ఆగలే. సొంత కంపెనీలు నిలబెట్టిండ్రు, 1970లల్ల హైదరాబాద్‌ల స్టూడియోలు కట్టిండ్రు. ఒక సిన్మా పోయినా ఇంకో దిక్కు నుంచి ఆమ్దాని వస్తది. కాంతారావు దగ్గర ఉన్నది పేరు, పొలం. పేరును తాకట్టు పెట్టుకొని ఎవడూ అప్పియ్యడు. పొలాన్ని పెట్టుకుంటడు.

ఆయనొక్కని కథే కాదిది. మహానటి సావిత్రి సొంతంగ సిన్మాలు తీసి దివాలా తీసింది. చిత్తూరు నాగయ్య గంత పెద్ద నటుడు, ఆఖరుకు చేతుల ఏం మిగలలే. ఎదురుంగ కత్తి పట్టిన రాజనాల కూడ 1998ల పేదరికంలనే పోయిండు. తెర మీద గెలిచిన రాకుమారుడు, ఓడిన దుర్మార్గుడు, బయట ఇద్దరూ ఒక్క తీరుగనే అయిండ్రు.

తర్వాత కాంతారావు తండ్రి వేషాలు, జమీందారు వేషాలు కట్టిండు. 1975ల ముత్యాల ముగ్గుల ఆయన చేసిన జమీందారు మతికి ఉంటడు. 2000 సంవత్సరానికి రఘుపతి వెంకయ్య అవార్డు ఇచ్చిండ్రు. సన్మానాలు అయినయి, శాలువలు కప్పిండ్రు. కని చివరి రోజులు హైదరాబాద్‌ల అద్దె ఇంట్ల, ఇబ్బందులల్లనే గడిచినయి. 2009 మార్చి 22న క్యాన్సర్‌తోటి పోయిండు. ఏడాది దాటినంక, 2010ల, అల్లరి నరేశ్ సిన్మాకు కత్తి కాంతారావు అని పేరు పెట్టిండ్రు. మనిషి లేడు, పేరు మాత్రం ఇంకా టికెట్లు అమ్ముతనే ఉన్నది.

ఆయన స్వయంగ చెప్పుకున్న జీవితకథకు అనగనగా ఒక రాకుమారుడు అని పేరు. ఆ పేరు తలుచుకున్నప్పుడల్లా నాకు గుడిబండ పొలాలే కండ్ల ముందట కనపడతయి.

కొందరు ఆయనది తెలివితక్కువతనం అంటరు. నేనొప్పుకోను. తన కష్టం మీద వేరేటోడు బతుకుతుంటె, నేనెందుకు బతకొద్దని అనుకునుడు తప్పా? ఆయన పొరపాటు ఒక్కటే అనిపిస్తది నాకు. జనం ప్రేమను బ్యాంకుల ఏసిన పైసలనుకున్నడు. అది అవసరానికి తీసుకునే సొమ్ము కాదు. ఉచితంగ ఈల ఏసినోడు టికెట్ కొనడానికి వంద ఆలోచిస్తడు. ఇప్పుడు కూడ గంతే. అర్జున్ రెడ్డికి, గీత గోవిందానికి ఎగబడ్డ జనమే, విజయ్ అంటె గంత పిచ్చి ఉండి కూడ, 2022ల లైగర్‌ను లేపలేకపోయిండ్రు. అభిమానం తగ్గలే, వసూలు రాలే. రెండూ వేరు వేరు లెక్కలు.

ఇంకో మాట కూడ చెప్పాలె. మీరు ఫోన్ల పొద్దు మాపు ఆ హీరోకు ఎన్ని కోట్లు, ఈ హీరోకు ఎన్ని కోట్లు అని కొట్లాడుతున్నరు. లవకుశ ఎన్ని లక్షలు తెచ్చిందో ఇయ్యాల మీకు తెల్సా? లక్ష్మణుడు ఎట్లుండాలె అంటె మాత్రం మా అమ్మకు ఇప్పటికీ కాంతారావు మొఖమే మతికొస్తది. పైసల లెక్కల ఓడిపోయినోడిని మనుషుల లెక్కల నుంచి కూడ తీసెయ్యొద్దు.

మా తమ్మునికి ఇదంత చెప్పిన. సిన్మా తియ్యొద్దు అనలే. నటించు, రాయి, నేర్చుకో, పెట్టుబడి పెట్టేటోన్ని దేవులాడు, కాయితం మీద వాటా రాయించుకో అన్న. ఎకరం మాత్రం ముట్టకు అన్న. వాడు ఏమనలే. రెండు దినాలైనంక గురువును మించిన శిష్యుడు చూసిన అన్నా, కత్తి బాగ తిప్పిండు అని మెసేజ్ పెట్టిండు. పొలం సంగతి అండ్ల రాయలే. నేను ఇంకా ఎదురుచూస్తున్న.