పక్షుల వెంటే సాగిన సలీం అలీ జీవితం

సిద్ధవటం: భారతీయ పక్షి శాస్త్ర పితామహుడిగా ఖ్యాతి గడించిన డాక్టర్ సలీం అలీ 1896 నవంబరు 12న ముంబయిలో జన్మించారు. పసితనంలోనే తల్లిదండ్రులను కోల్పోయి మేనమామ ఇంట పెరిగారు. బాల్యంలో ఎయిర్‌గన్‌తో కొట్టిన ఓ పిచ్చుక గొంతుపై పసుపు మచ్చ కనిపించగా, అదేమిటో తెలుసుకునేందుకు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. ఆ ప్రశ్నే ఆయన జీవిత గమ్యాన్ని నిర్దేశించింది. 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే చేపట్టారు. భారతీయ పక్షులపై ఆయన రచించిన గ్రంథం 1941లో వెలువడింది. భరత్‌పూర్ చిత్తడి నేలలు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవుల పరిరక్షణకు గళం విప్పారు.

1900 తర్వాత జాడ లేక అంతరించిందని భావించిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం సమీపంలో సొసైటీ పరిశోధకుల కృషితో మళ్లీ వెలుగు చూసింది. అప్పటికి సలీం అలీకి 89 ఏళ్లు. 1987 జూన్ 20న ఆయన కన్నుమూశారు. మరుసటి ఏడాదే ఆ పక్షి రక్షణకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

ముళ్లపొదలు, వాటి నడుమ ఖాళీ నేల కలివికోడికి ఆవాసం. బీడుగా కనిపించే ఆ నేలను చదును చేస్తే దానికి నిలువ నీడ ఉండదు. ఆ పొదలను కాపాడుకోవడంలోనే సలీం అలీ కృషికి సార్థకత ఉంది.